పదహారో పేజీ తరువాత

మా పాలెంలో ఏజెంటు అంటే ముగ్గురే. రొయ్య పిల్లలు తెచ్చి గుంటల వాళ్లకు అంటగట్టేవాడు ఒకడు, ఆడవాళ్లను కువైట్ పంపేవాడు ఒకడు, ఇంటింటికీ తిరిగి ఇన్సూరెన్సు కట్టించే క్రీస్తురాజు చిన్నాన్న ఒకడు. పుస్తకాలకు కూడా ఏజెంట్లు ఉంటారని కాలేజీలో మా ఇంగ్లీషు లెక్చరరు సుశీల్ కుమార్ సార్ చెప్పేదాకా నాకు తెలియదు. రాసినవాళ్ల దగ్గర కాగితాలు తీసుకుని, అచ్చువేసే పెద్ద కంపెనీలకు చూపించి ఒప్పించడం వాళ్ల పని అట.

ఇంటికొచ్చి చెబితే, ఎండుచేపల బుట్ట ముందు కూర్చుని ఉన్న మా అవ్వ నవ్వింది.

"మనుషుల్ని సముద్రం దాటించేవోళ్ళు ఉండారు గానీ, నోటుబుక్కుని దాటించేవోళ్ళు గూడా ఉండారా? దానికి గూడా పాసుపోర్టు అడగతారేమో కనుక్కోమే."

నవ్విందే గానీ, అన్నం తినేటప్పుడు మళ్లీ తనే అడిగింది. "ఆ ఏజెంటు యాడుంటాడన్నావు?"

అవ్వ పేరు ప్రేమలీల. మా అమ్మకు అమ్మ. మిషనులో సువార్త పనికి చేరి ముప్పై ఒక్క సంవత్సరాలు ఊరూరూ నడిచింది. ఇళ్లలో ఆడవాళ్లతో కూర్చుని ప్రార్థన చేయడం, వాళ్లకు చదవడం రాయడం నేర్పడం ఆమె పని. మొదట మనుబోలు వైపు పొలాల ఊళ్లలో, తరువాత ఇటు సముద్రం ఒడ్డున. భుజానికి గుడ్డసంచి, చేతిలో గొడుగు, కాళ్లకు టైరు చెప్పులు. నేను పుట్టకముందు సంగతులే అయినా ఇవన్నీ నాకు కళ్లతో చూసినట్టు తెలుసు. ఎందుకంటే రాసింది నేనే.

నాకు ఏడో తరగతి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. మనుషుల ముందు నాకు గొంతు రాదు. క్లాసులో లేపి పాఠం చదవమంటే మొదటి వాక్యం దాకా వస్తుంది, తరువాత గాలి మాత్రమే వస్తుంది. చెప్పాలనుకుని చెప్పలేనివన్నీ డైరీలోకి పోతాయి. టెన్తు పరీక్షలైన సెలవుల్లో ఒకరోజు అవ్వ నా పక్కన వచ్చి కూర్చుంది.

"రోజూ నీది నువ్వు రాసుకుంటానే ఉండావు. నాది గూడా కాస్త రాయిమే మెర్లిన్. నాకు చెయ్యి వణుకుతాంది."

ఆ కాస్తకు రెండేళ్లు పట్టింది. మూడు పొడుగు నోటుబుక్కులు నిండాయి. మూడింటినీ కలిపి వల దారంతో ఒకటిగా కుట్టాను. మూడు వందల పన్నెండు పేజీలు. పూర్తయిన రోజున అమ్మ, మన సంఘం వాళ్లందరినీ పిలిచి చదివి వినిపిద్దామంది. అవ్వ ఒప్పుకోలేదు.

"మనోళ్ళు చదివితే ఏముంది? వోళ్ళకు నేను తెలుసు. రెండు పేజీలు చూసి, మన ప్రేమలీలమ్మే గదా అని మూసేస్తారు. నన్ను ఎరగనోళ్ళు చదవాల. నేను బతికుండంగా, నా మొకం చూడని మనిషి ఒక్కరన్నా చదివినారంటే చాలు."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు వేరే కోరిక లేకుండా పోయింది.

ముందు మా సంఘం పాస్టరు అయ్యగారిని అడిగాం. మంచి మనిషి. "ఆదివారం అయిదు నిమిషాలు సాక్ష్యం చెప్పండమ్మా" అన్నారు. నేను నోటుబుక్కు ఆయన చేతిలో పెడితే బరువు చూసి, కొన్ని పేజీలు ఒక మాసపత్రికకు పంపించారు. రెండు నెలలకు ఒక పేజీ వేశారు. అందులో అవ్వకు జబ్బు చేసింది, ప్రార్థన చేసింది, బాగైంది. అంతే.

అవ్వ ఆ పేజీని రెండుసార్లు చదివించుకుంది. "జొరం వచ్చింది నిజమే. మూడు దినాలు. మిగతా ముప్పై యేళ్ళు యాడబోయినాయి?"

తరువాత విజయవాడలో ఒక ప్రచురణకర్తకు ఫోను చేశాను. మాట్లాడాల్సిందంతా ముందే కాగితం మీద రాసుకుని, దాన్ని చూసి చదివాను. ఆయన విన్నాడు. "ఆమెకు ఎక్కడన్నా పేరుందా అమ్మా?" అన్నాడు. నా కాగితంలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. "ఉందండీ, ప్రేమలీల" అన్నాను. ఆయన ఇంకో ప్రశ్న అడిగేలోపు నేనే పెట్టేశాను.

ఇక మిగిలింది ఏజెంట్లే. సార్ నలుగురి చిరునామాలు తీసి ఇచ్చారు, ఇద్దరు బెంగుళూరు, ఒకరు చెన్నై, ఒకరు ఢిల్లీ. తెలుగు పుస్తకాలను ఇంగ్లీషులో వేయించే వాళ్లట. వాళ్లకు మొదటి మూడు అధ్యాయాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కావాలి, కథ మొత్తం ఒక్క పేజీలో కావాలి. రెండు నెలలు మధ్యాహ్నం అన్నం గంటలో నేనూ సారూ స్టాఫ్ రూములో ఒక మూల కూర్చుని ఆ మూడు అధ్యాయాలు ఇంగ్లీషులోకి మార్చాం. చేట అన్న మాటకు సార్ నాలుగు ఇంగ్లీషు పదాలు రాసి, నాలుగూ కొట్టేసి, చివరికి చేట అనే ఉంచారు.

వాళ్లు అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. అవి నేను ఇంట్లో అవ్వకు చదివాను.

"ఈ పుస్తకం లాంటివి ఇంకో మూడు పుస్తకాల పేర్లు చెప్పమంటున్నారు అవ్వా."

"నా బతుకు లాంటి బతుకులు ఇంకో మూడు యాడ తెచ్చేది?"

"మీ వెనక ఎంతమంది ఫాలోయర్లు ఉన్నారు అని ఉంది. అంటే నిన్ను ఎంతమంది అనుసరిస్తారు అని."

"మన కోళ్ళు రాయి. నేను యాడికి పోతే ఆడికి వస్తాయి."

చిట్టచివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. పన్నెండు వారాల్లో మా నుంచి జవాబు రాకపోతే లేదని భావించగలరు. ఇది మాత్రం అవ్వకు ఎంత చెప్పినా అర్థం కాలేదు.

"లేదు అనేదానికి గూడా ఒక మాట ఉండాది గదా. నేను ఎన్ని గడపలు ఎక్కినా? వద్దు పో అన్నోళ్ళు ఉండారు. కుక్కను వదిలినోళ్ళు ఉండారు. ఏం మాట్లాడకుండా వాకిట్లో పన్నెండు వారాలు నిలబెట్టినోళ్ళు ఒక్కరు లేరు."

మా ఇంట్లో ఫోనుకు సిగ్నలు రాదు. వలలు ఆరేసే ఇసుకదిబ్బ ఎక్కితే వస్తుంది. రోజూ కాలేజీ బస్సు దిగగానే పుస్తకాల సంచితోనే దిబ్బ ఎక్కేదాన్ని. మెయిల్ తెరుచుకునే ముందు ఆ చిన్న చక్రం తిరుగుతుంది. అది తిరిగినంతసేపూ నేను సముద్రం వైపు చూసేదాన్ని. ఫోను వైపు చూస్తే రాదని ఒక పిచ్చి నమ్మకం. బెంగుళూరులో ఒక ఆఫీసు, కిటికీ పక్క బల్ల, కళ్లజోడు పెట్టుకున్న ఒక ఆవిడ, బల్ల మీద చల్లారిపోయిన టీ. మా అవ్వ పేజీల్లో పడి టీ తాగడం మరిచిపోయిందని అనుకునేదాన్ని. ఆమెకు మొహం, చీర, గొంతు అన్నీ పెట్టాను. ఆమె రాయబోయే మొదటి వాక్యం కూడా నేనే పెట్టాను. చక్రం ఆగేది. కోచింగ్ సెంటర్ల ప్రకటనలు ఉండేవి.

డైరీలో మొదట్లో "ఈ రోజు కూడా రాలేదు" అని రాశాను. తరువాత "రాలేదు" అని. తరువాత ఒక గీత మాత్రం.

పదో వారంలో ఒకటి వచ్చింది. బెంగుళూరు నుంచే. మూడు లైన్లు. మీ రచన పంపినందుకు ధన్యవాదాలు, ఆసక్తితో చూశాం, ప్రస్తుతం మేం చూస్తున్న రచనలతో ఇది ఇమడదు. పైన 'ప్రియమైన రచయితకు' అని ఉంది, అవ్వ పేరు లేదు. ఆ మూడు లైన్లలో ఎక్కడైనా ఆమె చదివినట్టు ఆనవాలు దొరుకుతుందేమోనని నలభైసార్లు చదివాను. చేట అనో, తవుడు అనో, మనుబోలు అనో ఒక్క మాట. సార్‌కు చూపిస్తే, అందరికీ ఇదే ఉత్తరం పంపిస్తారమ్మా అన్నారు.

అవ్వ అడిగింది ఒక్కటే. "యాడ బాగాలేదంట?"

"అది రాయలేదవ్వా."

"చదివుంటే ఒక తప్పన్నా పట్టుకునుండేవోళ్ళు. చదవలా."

ఆ రోజు నుంచి ఆమె మెయిలు సంగతి అడగడం మానేసింది. అడిగినప్పటి కంటే అది ఎక్కువ కష్టంగా ఉండింది నాకు. నేను బస్సు దిగి దిబ్బ వైపు పోతుంటే, కనపడనట్టు బియ్యంలో రాళ్లు ఏరుకునేది.

మా కిషోర్ బాబు మామకు కావలిలో సెల్‌ఫోన్ల షాపు ఉంది. అవ్వకు ఒక్కడే కొడుకు. ఆమెకు డెబ్బై అయిదు నిండుతున్నాయని ఆదివారం కృతజ్ఞతా కూటం పెట్టాడు. దానికి నాలుగు రోజుల ముందు నాకు ఫోను చేసి, టైపు చేసిన ఆ మూడు అధ్యాయాలూ పంపించమన్నాడు.

"మా అమ్మ పుస్తకం ఎవుడో బెంగుళూరోడు ఎయ్యకపోతే ఆగిపోద్దా? నేను ఏయిస్తా. అమ్మకు చెప్పబాక, సర్‌ప్రైజు."

ఇక్కడ మా వాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. మాలో ఎవరైనా చనిపోతే, భూస్థాపన రోజున పెట్టె ముందు నిలబడి వాళ్ల జీవిత చరిత్ర చదువుతారు. తరువాత జ్ఞాపకార్థ కూటానికి దాన్ని చిన్న పుస్తకంగా వేయించి అందరికీ పంచుతారు. మామ ఫోను చేసిన ప్రెస్సాయన ఇరవై ఏళ్లుగా అలాంటివే వేస్తున్నాడు. బతికున్న మనిషి జీవిత చరిత్ర ఎవరూ ఆయన దగ్గర వేయించుకోలేదు. "మా అమ్మ జీవిత చరిత్ర అన్నా, ఆదివారం కూటం, మూడు వందలు కావాల" అని మామ అన్నాడు. "అయ్యో, అట్టాగే సార్, మీరు ధైర్యంగా ఉండండి" అని ఆయన అన్నాడు. మామ దాన్ని వంటల ఏర్పాటు గురించి అనుకున్నాడు.

శనివారం సాయంత్రం కట్టలు ఇంటికి వచ్చాయి. మామ తాడు కోసి, పైది తీసి చూసి, అలాగే నిలబడిపోయాడు.

చుట్టూ నల్ల గీత. పైన తెల్ల పావురం. మధ్యలో అవ్వ ఫోటో. 'ప్రభువునందు నిద్రించిన శ్రీమతి ప్రేమలీల గారి జీవిత చరిత్ర.' కింద జననం తారీకు. దాని కింద, పోయిన తారీకు ఉండాల్సిన చోట, 'మహిమ ప్రవేశం' అని, పక్కన వరుసగా చుక్కలు.

"చుక్కలు పెట్టినాడు చూడు! తారీకు చెప్పలేదని చుక్కలు పెట్టినాడు!" మామ గొంతు పిల్లవాడి గొంతులా అయిపోయింది.

"కాల్చెయ్యండి. అత్తమ్మ చూడకముందే కాల్చెయ్యండి" అంది రెజీనా అత్త. అమ్మ అప్పటికే ఏడుస్తోంది.

అవ్వ అప్పటికే చూసింది. వచ్చి ఒకటి తీసుకుని వెలుతురు వైపు తిప్పింది.

"ఫోటో బాగుండాది" అంది. తరువాత వేలితో చుక్కల మీద తడిమింది. "చుక్కలు నయమే. అయిన్నాడు రాసుకోవచ్చు."

"అమ్మా!"

"పంచండి రేపు."

"ఏం మాటలమ్మా అవి? పరువు పోద్ది."

"ఒరే కిషోరూ, ముప్పై యేళ్ళు పుస్తకాలు మోసిందాన్ని. నాకు తెలవదా? మామూలు పుస్తకమిస్తే సంచిలో ఏసుకొని మర్చిపోతారు. చచ్చినోళ్ళది ఎవురూ పారెయ్యరు. చదవతారు. పంచు."

పంచాం. అయ్యగారు మైకులో మూడుసార్లు, అమ్మగారు బతికే ఉన్నారు, దేవునికి స్తోత్రం అని చెప్పారు. జనం నవ్వారు, బిర్యాని తిన్నారు, పుస్తకం తీసుకుని పోయారు. కూటానికి రానివాళ్ల చేతుల్లోకి కూడా అది పోయింది. రెండు వారాలు మామ ఫోను మోగుతూనే ఉండింది. "లేదండీ, బాగానే ఉంది. ఇప్పుడే ఇడ్లీలు తినింది" అని చెప్పీ చెప్పీ అలిసిపోయాడు. ప్రతిసారీ అవ్వ, "ఎవురంట?" అని అడిగేది. గూడూరు మేనకోడలు. అల్లూరు సంఘపెద్ద. పాత హాస్టలు వార్డెను.

"తెలిసినోళ్ళే" అనేది.

నాకు వేరే బాధ ఒకటి ఉండింది. ఆ ప్రెస్సులో ఏ జీవిత చరిత్ర అయినా పదహారు పేజీలే. పదహారు ఎక్కడ నిండితే అక్కడ ఆగిపోతుంది, చివరి అట్ట మీద 'దుఃఖసాగరంలో ఉన్న కుటుంబ సభ్యులు' అని ఇంటి చిరునామా, ఫోను నంబరు. అవ్వది ఆదిశేషమ్మ దగ్గర ఆగిపోయింది. మనుబోలు దగ్గర ఒక రైతుల ఇంటి చిన్న కోడలు ఆదిశేషమ్మ. పదహారేళ్లు. ఇంట్లో తెలిస్తే ఒప్పుకోరని గొడ్ల సావిట్లో అవ్వ దగ్గర అక్షరాలు నేర్చుకునేది. చేటలో తవుడు పోసి, దాని మీద వేలితో రాయడం. ఎవరైనా వస్తున్నారంటే చేట ఒకసారి కుదిపితే చాలు, అక్షరాలు పోయి బర్రెలకు పెట్టే తవుడు మిగులుతుంది. ఒకరోజు ఆమె కుదపడం మరిచిపోయి, చేటతో అలాగే ముందు వాకిట్లోకి వచ్చింది. పదహారో పేజీలో చివరి మాటలు ఇవి: 'అరుగు మీద కూర్చున్న ఆమె మామ పద్మనాభయ్య చేటలోకి చూసి, కండువా తీసి పక్కన పెట్టి, లేచి'. అంతే. ఫుల్‌స్టాపు కూడా లేదు.

మూడో వారం గురువారం. నేను పరీక్షలకు చదువుకోవడానికి ఇంట్లోనే ఉన్నాను. అమ్మానాన్నా గుంటల మీదికి పనికి పోయారు. పదకొండు గంటలప్పుడు ఇంటి ముందు ఆటో ఆగింది. నలభై ఏళ్ల ఆవిడ దిగింది. నేత చీర, నుదుట బొట్టు, చేతిలో ఒక సంచి. చావు పలకరింపుకు వచ్చే వాళ్ల మొహం ఎలా ఉంటుందో అలా పెట్టుకుని నెమ్మదిగా వాకిట్లోకి వచ్చింది.

"ప్రేమలీలమ్మ గారి ఇల్లు ఇదేనా పాపా?"

తల ఊపాను. ఆవిడ మంచం మీద కూర్చున్న అవ్వ దగ్గరికి పోయి, గొంతు తగ్గించి, "మీరు ఆమెకి అక్కా, చెల్లెలా?" అంది.

"నేనేమ్మా ఆమెని."

ఆవిడ సంచిలోంచి పుస్తకం తీసింది. అట్ట చూసింది, అవ్వను చూసింది, మళ్లీ అట్ట చూసింది.

"అచ్చేసినోడు తొందరపడినాడు. కూర్చో అమ్మా. నీళ్ళు తే మెర్లిన్" అంది అవ్వ.

ఆవిడ కూర్చుని, నీళ్లు మొత్తం తాగి, అప్పుడు నవ్వింది. పేరు సుభాషిణి. మనుబోలు పక్కన ఊరు, వరి పొలం ఉంది. భర్తకు రక్తపరీక్ష చేయించడానికి గూడూరు పోతే, ఆ ల్యాబులో బెంచీ మీద ఎవరో ఈ పుస్తకం వదిలేసి పోయారట.

"నాలుగు గంటలు కూర్చోబెట్టినారమ్మా. ఏం తోచక తిరగేసినా. ఇంటికి తీసకపోయి మళ్ళీ చదివినా. ఆడ ఆగిపోయింది. ఫోను చేద్దామంటే, దుఃఖంలో ఉండేవోళ్ళని ఎట్ట అడిగేది? మనిషిగా పోయి పలకరించి, నిదానంగా అడుగుదాంలే అని ప్యాసింజరెక్కినా."

"ఏం అడగాలని?"

సుభాషిణి గారు కొంచెం సిగ్గుపడ్డారు. "ఆయన కండువా పక్కన పెట్టి లేచినాడు గదా. లేచి ఏం చేసినాడు?"

అవ్వ చీర కొంగు తీసుకుని మొహం తుడుచుకుంది. చెమట లేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

"నేను చెప్తే ఒక్క మాటలో అయిపోద్ది. మెర్లిన్, బుక్కు తెచ్చి చదువు" అంది.

చదివాను. మొదటి వాక్యం వచ్చింది. రెండోదానికి ఎప్పటిలాగే గాలి వచ్చింది. సుభాషిణి గారు ముందుకు వంగి, "ఊఁ, లేచి?" అన్నారు. ఆ తొందరలో నేనొకదాన్ని ఉన్నానన్న సంగతి ఆవిడకు గుర్తున్నట్టు లేదు. దాంతో నేను కూడా మరిచిపోయాను.

పద్మనాభయ్య లేచి, కోడలి చేతిలో చేట తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. ఆయనకు చదువు రాదు. "ఇందులో నా పేరు యాడుండాది?" అన్నాడు. లేదని ఆదిశేషమ్మ తల ఊపింది. "అయితే రాయి" అన్నాడు. ఆమె వేలితో తవుడు చదును చేసి రాసింది. ఆయన దాన్ని కాసేపు చూసి, చెదరకుండా రెండు చేతులా పట్టుకుని లోపలికి తీసుకుపోయి గాదె మీద పెట్టాడు. బయటికి వచ్చి అవ్వతో, "రేపట్నుంచి నువ్వు ఈ ఇంటికి రాబాక" అన్నాడు.

"రావద్దన్నాడా! పేరు రాయించుకొని!" సుభాషిణి గారు మంచం కోడు మీద చేత్తో కొట్టారు. "ఏం మనిషి! మళ్ళీ పోయినారా మీరు? చెప్పబాకండి, చెప్పబాకండి. పాపా, చదువు."

మధ్యాహ్నం అన్నం పెట్టాం. గురువారం నీసు తినరట. పప్పూ ఊరగాయతోనే తిన్నారు. నేను పక్కన కూర్చుని చదువుతూనే ఉన్నాను. మధ్యమధ్యలో అవ్వ, "అట్ట కాదు, ఆ వాన ముందు రోజు" అని నన్ను సరిదిద్దేది, సుభాషిణి గారు, "మీరు ఉండండి, రాసింది చదవనీండి" అని ఆమెను ఆపేవారు. అవ్వను అలా కసిరినవాళ్లను నేను చూడలేదు. అవ్వ కూడా చూసినట్టు లేదు. చేయి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

డెబ్బై ఆరో పేజీలో ఉండగా మూడున్నర అయింది. బిట్రగుంటలో సాయంత్రం ప్యాసింజరు అందుకోవాలి. సుభాషిణి గారు లేవలేదు. నా చేతిలో పుస్తకం వైపు చూస్తూ, "ఇది ఒక్కటేనా ఉండేది?" అన్నారు.

ఒక్కటే. టైపు చేసింది మూడు అధ్యాయాలు మాత్రమే. మిగతా అంతా నా చేతిరాతలో, ఆ వల దారం కుట్టులో ఉంది.

"చదివి తెచ్చిస్తా. మా పిల్లలమీద ఒట్టు" అన్నారు.

నేను పుస్తకాన్ని ఒళ్లో గట్టిగా పట్టుకున్నాను. ఎవరైనా తీసుకోండి అని సంవత్సరం పాటు దేశమంతా పంపినదాన్ని, ఒక మనిషి వచ్చి చేయి చాస్తే నాకు ఇవ్వబుద్ధి కాలేదు.

"ఇయ్యిమే" అంది అవ్వ.

"ఫోటోలు తీసుకుంటానవ్వా. పది నిమిషాలు."

సుభాషిణి గారు పేజీలు తిప్పుతుంటే నేను ఫోనుతో తీశాను. ఆటో అతను హారను కొడుతున్నాడు. నూట నలభయ్యో పేజీ దగ్గర ఫోను ఆగిపోయింది. మిగతా నూట డెబ్బై రెండు పేజీలకు నా దగ్గర ఏమీ లేదు. ఆవిడ పుస్తకాన్ని పాలిథిన్ కవరులో చుట్టి, సంచిలో చీర మడత మధ్య పెట్టుకున్నారు. ఫోను నంబరు రాసిచ్చారు.

చావు జరిగిన ఇంటి నుంచి లేచేటప్పుడు పోయొస్తానని చెప్పరు. మాట లేకుండా వెళ్లిపోవాలి. ఆవిడ పొద్దున ఇంటి దగ్గర ఆ జాగ్రత్తతోనే బయలుదేరినట్టున్నారు. ఏమీ అనకుండా గడప దాటి, ఆటో దాకా పోయి, ఒక కాలు లోపల పెట్టి ఆగారు. దిగి వెనక్కి వచ్చారు. మంచం దగ్గర నిలబడి, "పోయొస్తా అవ్వా" అన్నారు.

"పోయిరామ్మా" అంది అవ్వ.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. నంబరు నా దగ్గర ఉంది. రెండుసార్లు నొక్కబోయాను. చదివేవోళ్ళని మధ్యలో పిలవబాక అని అవ్వ ఫోను లాక్కుంది. మిగిలిన ముగ్గురు ఏజెంట్ల పన్నెండు వారాలు ఎప్పుడో అయిపోయాయి. అయినా బస్సు దిగగానే దిబ్బ ఎక్కుతూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే నేను ఊహించుకున్న ఆ బెంగుళూరు ఆవిడ ఉత్తరం నాకు ఇప్పటికీ కావాలి. ఆమె టీ చల్లారిపోవడం ఇప్పటికీ కావాలి.

ఈ సాయంత్రం దిగి వచ్చేసరికి అవ్వ వాకిట్లో మంచం మీద సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉంది.

"ఆ సుభాషిణి ఈపాటికి యాడిదాకా వచ్చుంటదంటావు?"

ఆవిడకు పొలం పని, వంట, జబ్బు మనిషి. రోజుకు పది పన్నెండు పేజీలు లెక్క వేశాను. "నూట అరవై, నూట డెబ్బై దాకా వచ్చుంటుంది."

"తుఫాను ఎన్నోదాంట్లో?"

"నూట ఎనభై ఆరులో."

తుఫాను రోజు పడవ కట్టడానికని పోయి మా హెబ్రోను తాత మళ్లీ రాలేదు. అది రాసిన రోజుల్లో అవ్వ పూటకు నాలుగు లైన్లు చెప్పి ఆపేసేది. ఆ పేజీలు నా ఫోనులో లేవు. ఇంట్లో తాత ఫోటో కూడా లేదు, అదీ ఆ నీళ్లలోనే పోయింది.

అవ్వ వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంది.

"అయితే ఆమెకింకా తెలవదు" అంది. "ఆడ ఇంకా మీ తాత ఉండాడు."

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. దీపం పెట్టమని అడగలేదు, నేనూ లేవలేదు.